చీర చాటున గోడ లేదు

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే. "మేడం, మీరు మొత్తం ఎన్ని ఇళ్లు కట్టించారు?"

ఒక్కటీ లేదు. ఇళ్లు మేస్త్రీలు కడతారు, కూలివాళ్లు ఇటుకలు మోస్తారు. నేను ఒక సేవాసంస్థ తరఫున మహారాష్ట్రలో చంద్రపూర్ చుట్టుపక్కల ఇల్లు పోయిన కుటుంబాల వెంట పాతికేళ్లు తిరిగాను, అంతే. మోకాళ్లు మొండికేశాయి కాబట్టి మానేశాను. పని మీద విరక్తి పుట్టి కాదు. ముందే చెప్తున్నాను, ఎందుకంటే పని మానేసినవాళ్లు రాసేదాంట్లో జనం ఏడుపు వెతుక్కుంటారు. ఇందులో అది తక్కువే. నిజానికి నేను రాసేది, తలచుకుంటే ఇప్పటికీ గుండెల మీంచి బరువు దిగినట్టుండే సంగతి.

మరాఠీలో రాస్తే ఎక్కువమంది చదువుతారు కదా అని కూడా అడిగారు. చదువుతారు. నేనూ మరాఠీ మీడియం దాన్నే, తెలుగు అక్షరాలు మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. కానీ ఈ సంగతిలో మనుషులు తెలుగులో మాట్లాడారు, నన్ను తెలుగులోనే కడిగేశారు. తిట్లకు భాష మారిస్తే పస పోతుంది. తెలుగు చదవడం రాని పిల్లలు ఇంట్లో పెద్దవాళ్లతో చదివించుకోండి. వాళ్లకూ కాస్త కాలక్షేపం.

కాగితం మీద పెన్ను ఆనే చోటు

మొదటి ఏడాదిలోనే జివతి కొండల్లో ఒక రైతు దగ్గర పాఠం నేర్చుకున్నాను. రెండు రాష్ట్రాలూ మాదంటే మాదనే ఊరు అది. గాలివానకు ఆయన ఇంటి కప్పు లేచిపోయింది. చేతిలో రెండు రాష్ట్రాల ఓటు కార్డులూ ఉన్నాయి. నష్టం రాయండయ్యా అంటే ఈ వైపు ఆఫీసు ఆ వైపుకు పొమ్మంది, ఆ వైపు ఆఫీసు ఈ వైపుకు పొమ్మంది. ఓట్లప్పుడు ఇద్దరికీ కావలసినవాడు, కప్పు పోయేసరికి ఎవరికీ కాకుండా పోయాడు. నేను రెండు ఆఫీసుల్లోనూ గొంతు చించుకుని, ఏమీ సాధించకుండా తిరిగి వచ్చేసరికి, ఆయన అడవి నుంచి కర్రలు తెచ్చి గడ్డి కప్పుకుని, ఎండన పడి వచ్చావని నాకే అంబలి పోశాడు.

నాకు నోరు ఎక్కువని మా ఆఫీసులో అందరూ అనేవారు. నిజమే. కానీ ఆ రోజు తెలిసింది, నోరు తర్వాత సంగతి. ఇంటి నష్టం గురించి కాగితం మీద పెన్ను ఆనే క్షణంలో మనం ఆ ఇంట్లో ఉండాలి. ఆ తర్వాత ఎంత అరిచినా ఆరిపోయిన సిరా మీద అరిచినట్టే.

ఇంత తెలిసీ, చాలా ఏళ్ల తర్వాత, ఆ క్షణంలో నేను వేరే గల్లీలో ఉన్నాను.

మార్తక్క ఇల్లు

ఆ ఏడు వానలకు చంద్రపూర్ అంచున ఒక బస్తీలోకి నది వచ్చింది. బస్తీలో సగం మన తెలుగువాళ్లే. తాతల కాలంలో మంచిర్యాల, ఆసిఫాబాద్ వైపు నుంచి బొగ్గు గనుల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లు. మా నాయనా అట్లా వచ్చినవాడే. అందుకే ఆ బస్తీలో నన్ను సగం మేడంగా, సగం ఇంటి ఆడపిల్లగా చూసేవారు. గౌరవం సగమే దక్కేది, చనువు మాత్రం పూర్తిగా.

నది వైపు చివరి ఇల్లు మార్తమ్మది. నాకంటే పదేళ్లు పెద్దది, నేను మార్తక్కా అనేదాన్ని. ఆమె భర్త యాకోబన్న గనిలో టింబర్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. బొగ్గు తీసేకొద్దీ పైకప్పు మనుషుల మీద పడకుండా కర్ర దుంగలు బిగించి నిలబెట్టే పని అది. వాళ్ల కూతురు రూతు నర్సు చదువు చదువుతోంది. రెండు గదుల ఇల్లు, మట్టితో పేర్చిన ఇటుక గోడలు, పైన పెంకులు. బుధవారం సాయంత్రం ప్రార్థన కూటం ఆ ముందుగదిలోనే జరిగేది. వచ్చినవాళ్లెవరూ చాయ తాగకుండా గడప దాటడానికి మార్తక్క ఒప్పుకునేది కాదు.

నీళ్లొచ్చినప్పుడు బస్తీ మొత్తాన్ని బడిలోకి చేర్చాం. నీళ్లు తీశాక పంచనామా మొదలైంది. నష్టపోయిన ఇంటికి తలాఠీ వచ్చి, అక్కడే చూసి, అక్కడే రాసి, ఇరుగుపొరుగుతో దస్తఖత్ చేయించుకునే కాగితం అది. తలాఠీ అంటే మన పక్క పట్వారీ. ఆ కాగితంలో చివరికి ఒక్క మాటే ముఖ్యం. 'పూర్ణతః' అని రాస్తే ఇల్లు మొత్తం పోయినట్టు, మెరకన కొత్త జాగా, కొత్త ఇల్లు. 'అంశతః' అని రాస్తే కొంత పాడైనట్టు, బడి ఖాళీ చేసి నీ ఇంటికి నువ్వు పోయి బాగు చేసుకోవాలి.

నేను చెప్పిన మాట

పంచనామాకు ముందు రోజు నేను బస్తీలో ఇల్లిల్లూ తిరిగి ఒక మాట చెప్పాను. అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"రేపు సార్లు వస్తున్నరు. ఇండ్లు జర సాఫ్ చేసి పెట్టుండ్రి. మనిషొస్తే లోపల నిలబడేటట్టు ఉండాలె."

ఎందుకు చెప్పాను? అంతకుముందు ఇంకో బస్తీలో ఒక అధికారి బురదలో జారి, గల్లీ సగంలోంచే వెనక్కి పోయాడు. పైకి నేను చెప్పుకున్న కారణం అది. అసలు కారణం వేరే. "ఈ గని బస్తీల తెలుగువాళ్లు మురికి మనుషులు" అని ఆఫీసుల్లో మాట రావడం నేను చిన్నప్పటి నుంచీ విన్నాను. నా ఇజ్జత్ కాపాడుకోవడానికి వాళ్ల చేత ఇళ్లు ఊడిపించాను. పిల్లలూ, ఈ పనిలో మీకు వచ్చే ప్రతి మంచి ఆలోచన వెనకా మీ సొంత సిగ్గు, షరం ఏదైనా దాక్కుందేమో చూసుకోండి. నాది చూసుకోలేదు.

బస్తీలో మిగతావాళ్లు నా మాట సగం విన్నారు, వాకిట్లో బురద పారతో నెట్టి ఊరుకున్నారు. మార్తక్క మాత్రం పూర్తిగా విన్నది.

మర్నాడు తలాఠీ ఒక చివర మొదలుపెట్టాడు. ఇంకో చివర ఒక ఇంట్లో గొడవ అవుతుంటే నేను అటు పోయాను. మూడో రోజు బడి గోడకు జాబితా అతికించారు. రూతు చదివి చెప్పింది, వాళ్ల ఇల్లు 'అంశతః'. మార్తక్క కాదనలేదు. పైగా కొంచెం గర్వంగానే అన్నది నాతో, "మా ఇల్లు మంచిగున్నదని రాసిన్రట." ఆ సాయంత్రమే మూటలు కట్టుకుని ఇంటికి పోయారు. నేనూ సంతోషించాను. ఒక కుటుంబం తేలిగ్గా బయటపడిందని నా డైరీలో టిక్కు పెట్టుకున్నాను.

రెండు రోజుల తర్వాత అటు పోతే మార్తక్క చాయ పెట్టింది. నేల అలికి ఉంది. గిన్నెలు మెరుస్తున్నాయి. రెండు గదుల మధ్య ద్వారబంధానికీ, వెనక గదిలో ఒక వైపు మొత్తానికీ చీరలు కట్టి ఉన్నాయి. చెయ్యి కడుక్కుందామని వెనక గదిలోకి పోయి, పెరటి తలుపు అటే కదా అని ఆ పెద్ద చీర పక్కకు జరిపాను.

ఆకాశం కనబడింది.

"అక్కా, గోడేది?"

"పోయింది."

"ఎప్పుడు?"

"నీళ్లతోనే పోయింది. మొదటి దినమే."

"సార్లకు చూపియ్యలేదా?"

"ఎట్ల చూపిస్త? ఇంటికొచ్చిన మనుషులకు కూలిన గోడ చూపిస్తరా ఎవలన్న? చీర కట్టిన. నా పెండ్లి చీర, మంచిది. ముందుగదిల కుర్చీలేసి కూసోబెట్టిన, చాయ్ తాగిన్రు, బిస్కిట్లు తిన్నరు. పాపం, పొద్దటిసంది తిరుగుతున్నరు."

"నన్ను పిలువచ్చు గద!"

"పిలుసుడెందుకు? సాఫ్ చెయ్యమన్నది నువ్వే గదా బిడ్డా."

అప్పుడు పైకి చూశాను. కప్పు వెనక సగం మొత్తం ఐదు దుంగల మీద నిలబడి ఉంది. యాకోబన్న ఎంత ముద్దుగా నిలబెట్టాడంటే, కింద చెక్క పలకలు, పైన మేకులు, వరసగా, కొలిచి పెట్టినట్టు. తలాఠీ వెనక గదిలోకి తొంగి చూసినా, ఇంట్లో స్తంభాలు ఉన్నాయనుకుని ఉంటాడు. యాకోబన్న మంచం మీద కూర్చుని నవ్వాడు.

"భయపడకు చెల్లె. సపోర్టు పెట్టిన."

"ఎన్ని రోజులాగుతది అన్నా?"

ఆయన పక్కనున్న దుంగను అరచేత్తో తట్టాడు.

"గనిల అయితే ఈ కప్పు కింద మనిషిని కూసోనిస్తవా?"

"ఎట్ల కూసోనిస్త? ఒక్కన్ని గూడ ఉండనియ్య."

"మరి ఇక్కడ?"

ఆయన కప్పు వైపు చూసి అన్నాడు. "ఇది ఇల్లు గద."

చాయ గ్లాసు కింద పెట్టేశాను. వాళ్లతో గంటసేపు పోట్లాడి, ప్రార్థన మందిరం వరండాలోకి పడకలు మార్పించాను. కానీ మార్తక్క రోజూ పొద్దున పోయి అక్కడే వండేది, ఊడ్చేది. పొయ్యి వదిలి రావడానికి ఆమె ఒప్పుకోలేదు. కాగితం మారేదాకా ఆమె ఆ ఐదు దుంగల కిందే అన్నం వండుతుందని నాకు తెలుసు. ఇంకో పెద్ద వాన పడితే దుంగల కింద నేల మెత్తబడుతుందని కూడా తెలుసు.

పెద్ద సార్‌తో వాదన

మా సంస్థలో నా పై అధికారిని అందరం పెద్ద సార్ అనేవాళ్లం. జాగ్రత్త మనిషి. మళ్లీ పంచనామా చేయించాలంటే మొదటిది ఎందుకు తప్పయిందో కారణం రాసివ్వాలి. కారణం నేను. అదే రాసిస్తానన్నాను.

"వనజా, నీకు బుద్ధుందా?" అన్నాడు ఆయన, మరాఠీలో. "మనం చెప్పి ఇళ్లు సర్దించామని రాస్తే రేపటి నుంచి మనల్ని తహసీల్ ఆఫీసు గేటు లోపలికి రానిస్తారా? ఒక్క ఇంటి కోసం మిగతా అందరి పనీ చెడగొడతావా?"

"తలాఠీ సరిగ్గా చూడలేదని రాయమంటారా?"

"అదీ వద్దు. పంచనామా అయ్యాక గోడ కూలిందని రాయి. వానలు పడుతూనే ఉన్నాయి కదా."

"నిన్న మొన్న కూలిన గోడకు మన్ను తడిగా ఉంటుంది సార్. అక్కడ అప్పుడే గడ్డి మొలిచింది. పట్టుబడితే దొంగ అనిపించుకునేది మార్తమ్మ, మీరూ నేనూ కాదు."

ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచాడు. నేను ఆయన్ని అప్పటికి ఎన్నోసార్లు పిరికివాడని అనుకున్నాను, రెండుసార్లు మొహం మీదే అన్నాను. ఆయన మెల్లగా అన్నాడు. "రాయి. కానీ 'మేము' అని రాయకు. 'నేను' అని రాయి."

ఆ రోజు మండిపోయింది నాకు. నన్ను ముందుకు తోసి తను తప్పుకున్నాడనుకున్నాను. తప్పుకున్నాడు కూడా. అయినా సలహా సరైనదే. 'మేము' అని రాసిన తప్పును ఎవరూ నమ్మరు, ఎవరూ చదవరు. 'నేను చెప్పాను, అందుకే వాళ్లు దాచారు' అన్న కాగితాన్ని తహసీల్ ఆఫీసులో నాయబ్ తహసీల్దార్ మేడం రెండుసార్లు చదివింది.

"ఇలాంటిది ఎవరూ రాసివ్వరే," అన్నది.

"ఇలాంటి తప్పు అందరూ చేయరు కదా మేడం," అన్నాను.

ఆమె నవ్వలేదు. కానీ తలాఠీని వెంటబెట్టుకుని తనే వస్తానన్నది.

నా బండి డిక్కీలో చీపురు

ఇక్కడి నుంచి అసలు కష్టం. ఆఫీసును ఒప్పించడం ఒక ఎత్తు, మార్తక్కను ఒప్పించడం ఒక ఎత్తు.

"ఊడ్వొద్దు అక్కా."

"పెద్ద మేడం వస్తుంటే?"

"వస్తుందనే ఊడ్వొద్దంటున్న. చీర గూడ తీసెయ్యాలె."

"చాయ్ అన్న పెట్టనియ్యి."

"చాయ్ వద్దు, కుర్చీలు వద్దు."

"ఏం మనిషివే నువ్వు!" మార్తక్క నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఆ దినం ఊడ్వమన్నవ్, ఊడ్చిన. ఇయ్యాల ఊడ్వొద్దంటవ్. రేపొచ్చి గడప మీద చెత్త పొయ్యమంటవా? నువ్వు సదువుకున్నవా, సదువే నిన్ను గిట్ల చేసిందా?"

రూతు వెనకనుంచి, "రాహూ దే నా అమ్మా, ఇగ వదిలెయ్యి" అంటోంది. నేను వాదించడం మానేసి చీపురు తీసుకుని నా బండి డిక్కీలో పెట్టి తాళం వేశాను. పుల్లల కొసలు మూత సందులోంచి బయటకే ఉన్నాయి. బస్తీ అంతా నవ్వింది.

మేడం వచ్చింది. మార్తక్క చేతులు కట్టుకుని, ఊరందరి ముందు తల కొట్టేసినట్టు గోడకు ఆనుకుని నిలబడింది. మేడం ఎండకు అలిసిపోయి, "కాసిని మంచినీళ్లు ఇస్తారా?" అని అడిగింది. మార్తక్క కదల్లేదు. నా వైపు చూసింది.

"ఇయ్యనా?" అన్నది, పళ్ల మధ్య నుంచి.

ఇమ్మని తలూపాను. ఆ చూపు మాత్రం నేను ఈ జన్మలో మరిచిపోను.

ఐదు దుంగలు

మేడం వెనక గదిలోకి పోయింది. చీర లేదు, గోడ లేదు, నది కనబడుతోంది. ఆమె మొహం మారింది. తలాఠీ మొహం ఇంకా మారింది. పాపం, అతను చెడ్డవాడు కాదు, మర్యాదస్తుల ఇంట్లో మర్యాదగా కూర్చున్నాడు. మొదటి కాగితం తనదే కాబట్టి ఇప్పుడు ఒక మాట పట్టుకున్నాడు.

"గోడ పోయింది మేడం, నిజమే. కానీ కప్పు నిలబడే ఉంది. కప్పు ఉంటే రూల్ ప్రకారం అంశతః."

రూల్ నిజంగా అట్లానే ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నేను నోరు తెరిచేలోపు యాకోబన్న ముందుకొచ్చాడు. గనిలో నేర్చుకున్న హిందీలో అన్నాడు, నేను తెలుగులో రాస్తున్నాను.

"సార్, అది నిలబడలేదు. నేను నిలబెట్టిన. మీరు చూస్తున్నది ఇల్లు కాదు, నా పని."

"ఒక్క దుంగ తీస్తే ఏమవుతుంది?" అన్నది మేడం.

"ఒక్కటి తీస్తే రెండోది తీసే అవసరం రాదు."

సరిగ్గా అప్పుడే దుంగల్లో ఒకటి సన్నగా కిర్రుమంది. యాకోబన్న వేలు పైకెత్తి, వినండి అన్నట్టు చూపించాడు. "గనిల కట్టె గిట్ల మాట్లాడితే మనుషులను బయటికి పంపుతం. ఇది మొన్నటిసంది మాట్లాడుతుంది."

మొన్నటి నుంచి! ఆ మొన్నటి నుంచీ మార్తక్క దాని కింద వండుతోంది.

యాకోబన్న భార్య వైపు చూశాడు. ఆమె ఇంటిని ఒకసారి చుట్టూ చూసింది, ముందుగదిలో బుధవారం చాపలు పరిచే చోటును, వెనక గదిలో పొయ్యిని. "గిన్నెలు బయటవెయ్యి," అన్నది కూతురితో. తర్వాత ఆయనతో, "తియ్యి. రోజూ సచ్చుకుంట ఉండుడు ఎందుకు?"

మేడం అవునని గానీ వద్దని గానీ అనలేదు. వీధి అవతలికి పోయి నిలబడింది. అధికారులు మాటల్లో ఇవ్వని అనుమతి అట్లానే ఇస్తారు. సామాను బయటపడింది. యాకోబన్న మధ్య దుంగకు తాడు కట్టి, ఎవరెవరు ఎక్కడ నిలబడాలో చూపించి, గల్లీలో పిల్లలను ఒక్కొక్కరినీ లెక్కపెట్టి, గనిలో ఎట్లా అరిచేవాడో అట్లా ఒక కేక వేసి లాగాడు.

దుంగ జారింది. పెంకులు వానలా కురిశాయి. వెనక గది కూర్చుండిపోయింది, దాని వెంట ముందుగది కప్పు, దాని వెంట పక్క గోడ. దుమ్ము తగ్గేసరికి పొయ్యి ఉన్న చోట పెంకులు నడుం ఎత్తున ఉన్నాయి.

మార్తక్క నా వైపు తిరిగింది.

"ఇప్పుడు ఊడ్వాలెనా, వద్దా? నువ్వే చెప్పు."

మొదట నవ్వింది మేడం. తర్వాత తలాఠీ. నాకు నవ్వు వచ్చింది, దాని వెంట ఏడుపూ వచ్చింది, రెంటినీ కొంగులో తుడుచుకున్నాను. తలాఠీ అక్కడే, నా బండి సీటు మీద కాగితం పెట్టుకుని 'పూర్ణతః' అని రాశాడు. ఈసారి పెన్ను ఆనిన చోట నేను ఉన్నాను.

తర్వాత ఒక శిక్షణలో ఒక కుర్రాడు లేచి, "వాళ్లే ఇల్లు కూల్చుకుంటే అది మోసం కాదా మేడం?" అన్నాడు. నేనన్నాను, నాయనా, లేని గోడ దగ్గర చీర కట్టడం మోసం. పడే కప్పుకు దుంగలు పెట్టి ఇల్లనడం మోసం. ఆ రెండూ చేయించింది నేను, నా సాఫ్ మాటతో. దుంగ తీయడం ఒక్కటే ఆ ఇంట్లో నిజం.

ఆ తర్వాత

మెరకన ఇల్లు లేవడానికి ఏడాది పైనే పట్టింది. యాకోబన్న మేస్త్రీని నిద్రపోనివ్వలేదు. ప్రతి గోడనూ కర్రతో కొట్టి, మోత విని, ఇక్కడ బోలుగుంది, మళ్లీ కట్టు అనేవాడు. మార్తక్క అడిగింది ఒకటే, ముందుగది పెద్దగా ఉండాలని. మా నక్షాలో రెండు గదులూ సమానం. ఈసారి నేను నా తెలివి వాడకుండా ఆమె చెప్పినట్టు గీయించాను.

ఆ ఇంటి తర్వాత నా పద్ధతి మారింది. పంచనామా అంటే ముందు రోజు పోయి ఒకటే చెప్పేదాన్ని, ఏదీ ముట్టుకోవద్దని. మర్నాడు ఏ ఇంటికి పోయినా కుర్చీలో కూర్చోకుండా నేరుగా పెరట్లోకి నడిచేదాన్ని. మర్యాద లేని మనిషి అన్నారు. అననీ. మీరూ అట్లానే చేయండి. ఇల్లు పోయినవాళ్లకు చివరికి మిగిలేది మర్యాద ఒక్కటే, దాన్ని వాళ్లు మన నుంచి కూడా కాపాడుకుంటారు. దాని వెనక ఏముందో వెళ్లి చూడవలసింది మనం.

పోయిన నెల చెప్పకుండా వాళ్లింటికి పోయాను. మార్తక్క పప్పు చెరుగుతోంది. నేలంతా పొట్టు, మూల రూతు కొడుకు బొమ్మలు, మంచం మీద ఉతికిన బట్టల కుప్ప. నన్ను చూసి లేవలేదు.

"ఊడ్వలే. గట్లనే రా లోపలికి."

ఇన్నేళ్లలో ఆమె నాకు ఇచ్చిన గౌరవాల్లో అదే పెద్దది. పొట్టు పక్కకు జరిపి కూర్చున్నాను. చాయ కూడా అడిగితేనే పెట్టింది.

తాగుతూ పెరట్లోకి చూశాను, అలవాటు కదా. గోడ ఉంది. దాని ముందు యాకోబన్న పాత దుంగల్లో రెండిటిని పాతి, మధ్యన తీగ కట్టాడు. ఆయన ఆ పక్కనే నీడలో కూర్చుని ఉన్నాడు.

"ఎట్లున్నయ్ అన్నా నీ సపోర్టులు? ఏమన్న మాట్లాడుతున్నయా?"

"లేదు చెల్లె," అన్నాడు. "వాటికిప్పుడు తడి బట్టల బరువే."

తీగ మీద మార్తక్క పెళ్లి చీర ఆరుతోంది.